కళ్లున్న రొట్టె

ఇరవై రెండేళ్లు అఫార్ ఎడారి దారిలో లారీ తోలాను.
జిబూటీ రేవు నుంచి కొంబొల్చా దాకా
ఎవరి గోధుమలో, ఎవరి సిమెంటో.
దారిపక్క పాకల్లో ఏది పెడితే అది తిన్నాను,
ఉప్పుగాలీ డీజిలు వాసనా నంజుకుంటూ.
నా ఇంట్లో నా పిల్లలేం తింటున్నారో
ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు మోకాలు వంగదు. లారీ అమ్మేశాను.
అస్కాలె రాత్రి షిఫ్టుకి నూలు ఫ్యాక్టరీకి వెళ్తుంది,
తెల్లారేసరికి జుట్టు నిండా దూదిపోగులతో వస్తుంది.
వంటిల్లు నాకు వదిలేసింది,
బండి తాళం చేతిలో పెట్టినట్టు,
బ్రేకులెక్కడున్నాయో చెప్పకుండా.

మొదటివారం ప్యాకెట్ నూడుల్స్.
పిల్లలు పండగ చేసుకున్నారు.
రెండోవారమూ అంతే.
మూడోవారం మెట్లెక్కుతూ ఎక్కుతూ
ఫెవెన్ మధ్యలో కూలబడింది,
తొమ్మిదేళ్ల పిల్ల, ముసలమ్మలా తొడలు పట్టుకుని.

క్లినిక్కులో నర్సు దాని కింది రెప్ప లాగి చూసింది.
లోపలంతా తెలుపు.
"ఇంట్లో ఏం వండుతున్నారమ్మా?" అనడిగింది
నా భుజం మీదుగా, వెనకాల
ఎవరో ఆడమనిషి నిలబడి ఉన్నట్టు.

నేనే, అన్నాను.

సంతలో తెల్ల తెఫ్, ఎర్ర తెఫ్.
తెల్లది చుట్టాలొస్తే పెట్టేది.
ఎర్రది లేనివాళ్లది. మా అమ్మ మాకు ఎర్రదే పెట్టి
వీధిలో అడుగుల చప్పుడైతే తలుపు దగ్గరగా వేసేది.
నర్సు ఎర్రదే కొనమంది, రక్తం పడుతుందంది.
ఆ తలుపు గుర్తొచ్చి
సంచి మూతి గట్టిగా బిగించాను, ఎందుకో.
ఆవగింజ దాని ముందు గుమ్మడికాయ.
గుప్పిట సందుల్లోంచి జారితే ఇక నేలదే.

పక్కింటి ఎమెబెట్ గిన్నెడు పులుపునీళ్లు తెచ్చింది,
పసుపురంగువి, ముక్కు అదిరేవి.
"మా అత్తకి వాళ్లత్త ఇచ్చిన పులుపిది.
పారబోశావో..." అని వేలు చూపించింది.
మూడు రోజులు పిండి మూతకింద ఏదో గొణిగింది.

జామాయిల్ ఆకులు మంటపెట్టి
పెనానికి ఆవపొడి రుద్ది పోశాను.
మొదటిది అతుక్కుంది.
రెండోది చిరిగింది.
మూడోదానికి కళ్లు రాలేదు.
ఇంజెర మీద పడే చిల్లుల్ని మేం కళ్లంటాం.
నావోద్ వంగి చూసి,
"నాన్నా, ఇది మనల్ని చూడట్లేదు" అన్నాడు.
పొగకి నా కళ్లు మాత్రం ధారలు కట్టాయి.

ఏడోదో ఎనిమిదోదో,
అంచు నుంచి మధ్యకి, టప్ టప్ మని,
రాత్రి మలుపులో లైట్లు పడగానే
మేకలమంద అంతా ఒక్కసారి తలెత్తి చూసినట్టు
కళ్లే కళ్లు.
అలవాటుకొద్దీ కుడికాలు బ్రేకు వెతికింది.

బుధవారం ఉపవాసం, నెయ్యి లేదు, గుడ్డు లేదు.
ఎర్రపప్పు, ఉల్లిపాయలు నూనె లేకుండా ముందే మగ్గించి.
పక్కన ముదురాకు కూర.
ఫెవెన్ ఆకుల్ని రొట్టె మడతలో దాచేసింది.
చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.
తర్వాత ఆ మడతే చుట్టి దాని నోట్లో పెట్టాను.
మా దగ్గర పెట్టిన ముద్ద కాదనకూడదు.
అది కళ్లు మూసుకుని నమిలింది,
నన్ను శపిస్తూ కాబోలు.

తెల్లారి అస్కాలె చెప్పులు విప్పకుండానే ఒక తుంపు తింది.
"ఉప్పెక్కువ," అంది.
ఇంకో తుంపు తుంచింది.

నెల తిరిగాక నర్సు మళ్లీ రెప్ప లాగింది.
గులాబీరంగు పడీపడనట్టు ఒక గీత.
"చాలదు," అంది, "కానీ ఇదే పెట్టండి,"
ఈసారి నా మొహంలోకి చూసి.

నిన్న సాయంత్రం తలుపు చప్పుడైంది.
తీసి చూస్తే ఎమెబెట్, ఖాళీ గిన్నెతో,
చూపు నేలమీద.
పెళ్లికని ఊరెళ్లి వచ్చేసరికి ఇంట్లో పులుపు కుళ్లిపోయిందట.
"మా అత్తకి చెప్పకు."

వేలు చూపిద్దామనుకున్నాను.
గిన్నె నిండా పోసిచ్చాను.